టి.కె., తెరచాపలు కుట్టేవాడు

ప్లిమత్
12 సెప్టెంబరు 1991

ప్రియమైన సిరిల్,

ఫోను చెయ్యొచ్చు కదా అని నీ గొడవ. ముప్ఫై ఏళ్ళు డాక్‌యార్డులో టెలిఫోను బోర్డు ముందు కూర్చుని ఊరందరి మాటలూ అటూ ఇటూ కలిపినదాన్ని. ఇప్పుడు నా మాటలు నేను కాగితం మీదే చెప్పుకుంటాను. ఓపిగ్గా చదువు.

మా చర్చిలో పలకరాయి మీద పేర్లు చెక్కిస్తున్నారు. ఈ పేటలో పుట్టో, కాపురముండో సముద్రంలో పోయిన నావికుల పేర్లు. నేను ఊరుకుంటానా? మన ముత్తాత టోబయాస్ కెల్లో పేరు ఇచ్చాను. 1879లో తుఫానులో ఇద్దర్ని కాపాడి తాను మునిగిపోయాడని మన నానమ్మ ఎన్నిసార్లు చెప్పలేదు! పేర్ల జాబితా చూసుకునే మిసెస్ గిడ్లీ కళ్ళజోడు కిందికి దించి, "అందరి ముత్తాతలూ ఎవరో ఒకర్ని కాపాడుతూనే మునిగారు ఐవీ. ఒక్కడు కూడా కాలుజారి పడలేదు. కాగితం తీసుకురా, చెక్కిస్తాను" అంది. అందరి ముందూ.

అందుకని మంగళవారం, గురువారం రికార్డుల గదికి వెళ్ళి పాత జనాభా లెక్కలు చూస్తున్నాను. పదేళ్ళకోసారి ఇంటింటికీ తిరిగి రాసిన పుటలు, ఇప్పుడు ఫిల్ములుగా చుట్టి పెట్టారు. మర తిప్పుతూ ఉంటే ఇళ్ళూ వీధులూ కళ్ళ ముందు పరిగెడతాయి. మొదటి రోజు అరగంటకే లేచి బయటికి వచ్చేశాను.

మొన్న దొరికాడు! 1871లో. ఇంట్లో కాదు, ఓడలో. లెక్కలవాళ్ళు ఓడలకి వేరే పుటలు పెట్టారు. మాల్టా రేవులో లంగరేసిన హార్ట్‌వెల్ అనే యుద్ధనౌక. టోబయాస్ కెల్లో, ముప్ఫై నాలుగేళ్ళు, పెళ్ళయినవాడు, తెరచాపలు కుట్టేవాడు, పుట్టింది సాల్టాష్. ఆ అక్షరాలు చూసి పెద్దగా అరిచాను. పక్కనున్నాయన "ష్" అన్నాడు.

ఇక 1881 చూడాలి. అందులో ముత్తవ్వ కెజియా విధవగా కనిపిస్తుంది. అదే గిడ్లీ ముఖాన పెట్టే కాగితం.

మేనకోడలు రోవెనాకి నా ముద్దులు.

నీ అక్క
ఐవీ

*

విట్బీ
23 సెప్టెంబరు 1991

ప్రియమైన ఐవీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గిడ్లీ గొంతు నాకు ఇక్కడికి వినిపించింది. ఆవిడతో పేచీ పెట్టుకోకు, నిన్ను బతికుండగానే ఆ పలకలో చెక్కిస్తుంది.

నాకు పని బాగానే ఉంది. ఈ వేసవిలో పదకొండు చేపల పడవలకి పేర్లు రాశాను. రోవెనా పికరింగ్‌లోనే, ఆ పశువుల డాక్టరు దగ్గరే పని చేస్తోంది. ఆవు దూడ వేసేటప్పుడు భుజం దాకా చెయ్యి పెట్టానని భోజనం బల్ల దగ్గర చెప్తుంది. అల్లుడు నీల్ పాపం కంచం పక్కకి జరిపేస్తాడు.

ముత్తాత విషయం వదలకు. ఆ పుటల్లో కుడివైపు ఆఖరి గడి ఒకటి ఉంటుందట. చెవిటివాడా, గుడ్డివాడా, మతి సరిగా లేనివాడా అని రాయడానికి. మనవాళ్ళందరికీ ఆ గడి కూడా చూసి రాస్తావా? ఊరికే, తెలుసుకుందామని.

ఇంకోటి. నాన్న పోయినప్పుడు నేను సైన్యంలో ఉన్నాను, నాకు పద్దెనిమిది. నువ్వు ఇంట్లో ఉన్నావు. చివరి రెండు మూడేళ్ళు ఆయన ఎలా ఉండేవాడు? అంటే నడక, మాట. అమ్మ ఎప్పుడూ సరిగా చెప్పలేదు.

సిరిల్

*

ప్లిమత్
10 అక్టోబరు 1991

ప్రియమైన సిరిల్,

ముందు లెక్కల సంగతి. 1881లో కెజియా దొరికింది. ఇక్కడే స్టోన్‌హౌస్ పేటలో రెండు గదుల అద్దె ఇల్లు. నలభై ఏళ్ళు, చాకిరేవు పని. కొడుకు ఆంబ్రోస్, అంటే మన తాత, పదేళ్ళు, బడికి వెళ్తున్నాడు. ఇంత వరకూ బాగుంది. కానీ విధవ అని లేదు. "వివాహిత, భర్త నౌకాదళంలో" అని ఉంది. మనిషి మునిగి రెండేళ్ళయ్యాక!

లెక్కలవాడు తప్పు రాశాడేమో అన్నాను. మిసెస్ గిడ్లీ ఎంత సంబరపడిందో నీకు చెప్పలేను. "చూశావా, మీ ముత్తాతకి ఈత వచ్చు" అంది.

ఆ ఏడు లెక్కల్లో ఉన్న ఓడలు ఇక్కడ దొరికినంత వరకూ చూశాను, లేడు. లండన్‌లో దేశమంతటి ఫిల్ములూ ఉన్నాయట. వచ్చే నెల మొదట్లో పొద్దుటి రైలుకి వెళ్ళి వస్తాను. నువ్వడిగిన ఆఖరి గడి కెజియాకీ ఆంబ్రోస్‌కీ ఖాళీ. చాలా?

నాన్న సంగతి. నాన్న తాగేవాడు కాదు సిరిల్. ఒక్క చుక్క కూడా. ఇది నీకు తెలియాలి. కానీ తాగినవాడిలా నడిచేవాడు. వేళ్ళు ఊరికే ఉండేవి కావు, కనపడని పియానో వాయిస్తున్నట్టు. ఓసారి పోలీసు కానిస్టేబులు రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి, "పట్టపగలేంటమ్మా ఇది?" అని అమ్మని అడిగాడు. అమ్మ తలుపు మూసి, వంటింట్లోకి వెళ్ళి, ఆ పూటంతా బంగాళాదుంపలు చెక్కుతూనే ఉంది. ఇంటిల్లిపాదికీ వారానికి సరిపడా చెక్కేసింది. వీధిలో నరాల బలహీనత అని చెప్పుకున్నాం. మెట్ల మీంచి పడి పోయాడు. ఇక ఇది అడగకు.

ఐవీ

*

విట్బీ
22 అక్టోబరు 1991

ప్రియమైన ఐవీ,

టైపు కొట్టిన ఉత్తరం చూసి కంగారు పడకు. పాత సామాన్ల దుకాణంలో టైపు మిషను దొరికింది, సరదాపడి కొన్నాను. ఆర్ అక్షరం ఎగిరెగిరి పడుతుంది.

లండన్ వెళ్ళినప్పుడు ఓడలొక్కటే చూడకు. ఆసుపత్రులు చూడు. నౌకాదళానికి మతి చెడిన నావికుల కోసం తూర్పు తీరంలో ఒక ఆసుపత్రి ఉండేదట, ఇక్కడి గ్రంథాలయంలో చదివాను. అక్కడి పుట తప్పకుండా తీయించు. ఏమున్నా సరే, ఉన్నది ఉన్నట్టు రాయి. నాన్న గురించి చెప్పినందుకు ఋణపడి ఉంటాను. నీకు కష్టమని తెలుసు.

వెళ్ళిన రోజే రాస్తావు కదూ?

సిరిల్

*

ప్లిమత్
9 నవంబరు 1991

ప్రియమైన సిరిల్,

లండన్ వెళ్ళాను. ఏమీ దొరకలేదు. మనిషి ఆ ఏడు ఏ విదేశీ రేవులో ఉన్నాడో. జాబితాలోంచి పేరు తీసెయ్యమని మిసెస్ గిడ్లీకి చెప్పేశాను. ఈ వయసులో చీకటి గదిలో కూర్చుని కళ్ళు పాడు చేసుకోవడం దండగ. ఇక మానేశాను.

ఇక్కడ వారం నుంచీ ఒకటే వాన. రేవులో గాలికి పక్కింటివాళ్ళ చిమ్నీ మూత ఎగిరిపోయింది. చలి బట్టలు పైకి తీశాను. నువ్వు మెడకి ఉన్నిగుడ్డ చుట్టుకో.

నీకు టైపు మీద సరదా ఎప్పుడు పుట్టింది? బడిలో దస్తూరికి ప్రతి ఏడూ బహుమతి తెచ్చుకున్నవాడివి.

ఐవీ

*

విట్బీ
2 డిసెంబరు 1991

ఐవీ,

మూడు వారాలు ఆగాను, నువ్వే మళ్ళీ రాస్తావేమోనని. నువ్వు అబద్ధమాడితే వాతావరణం గురించి రాస్తావు. అమ్మ పోయే ముందు ఆసుపత్రి నుంచి నువ్వు నాకు రాసిన ఉత్తరాల నిండా ఎండా వానా తప్ప ఏముంది? నీకేదో దొరికింది.

సరే, ముందు నేనే చెప్తాను. నేను కూడా దాచాను.

గత వసంతంలో ఒక పడవకి పేరు రాస్తున్నాను. నా చెయ్యి దానంతటదే పక్కకి కొట్టేసింది. నల్ల రంగు చెక్క పొడవునా గీత పడింది. పడవ యజమాని పక్కనే ఉన్నాడు, మంచివాడు, ఇరవై ఏళ్ళ పరిచయం. నవ్వి, "ఏం సిరిల్, పొద్దున్నే వేసుకున్నావా?" అన్నాడు. నేనూ నవ్వాను. గీత తుడిచి మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టింది. ఈ వేసవిలో పదకొండు పడవలని రాశాను కదా, అబద్ధం. మూడే. ఆగస్టు నుంచి ఒక్కటీ లేదు. నా దస్తూరి నువ్వు చూస్తే గుర్తుపడతావని టైపు మిషను తెచ్చాను.

లీడ్స్‌లో డాక్టరుకి చూపించుకున్నాను. నడిపించాడు, వేళ్ళు ఆడించమన్నాడు, వందలోంచి ఏడేడు తీసుకుంటూ లెక్కపెట్టమన్నాడు. హంటింగ్‌టన్ వ్యాధి కావచ్చన్నాడు. నలభై దాటాక మొదలవుతుందట. ముందు చేతులూ కాళ్ళూ, తర్వాత మాట, తర్వాత బుద్ధి. మందు లేదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం, బొమ్మా బొరుసూ వేసినట్టు. రానివాడి పిల్లలకి ఇక రాదు. ఖాయంగా చెప్పాలంటే మీ కుటుంబంలో వెనక ఎవరికుందో కావాలన్నాడు. నాన్న మరణపత్రంలో "పడి దెబ్బ తగలడం వల్ల" అని తప్ప ఏమీ లేదు. అందుకే నీ ముత్తాత వెంట పడ్డాను.

రోవెనాకి మూడో నెల. జూన్‌లో కాన్పు. దానికి ఇదేమీ తెలియదు. రూఢి అయ్యేదాకా చెప్పను.

ఇప్పుడు చెప్పు. లండన్‌లో ఏం చూశావు?

సిరిల్

*

ప్లిమత్
6 డిసెంబరు 1991

నా సిరిల్,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. కాఫీ పెట్టుకున్న సంగతి మర్చిపోతే పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

చెప్తాను. లండన్‌లో ఆ గది నేలమాళిగలో ఉంది. వరసగా మరలు, వరసగా వంగిన వీపులు. నువ్వన్న ఆసుపత్రి ఫిల్ము మధ్యాహ్నం మూడుకి చేతికొచ్చింది. అక్కడ రోగులకి పేర్లు రాయలేదు సిరిల్. పరువు కోసమట. రెండేసి అక్షరాలు మాత్రమే. పుట పొడవునా అక్షరాలు, పక్కన వయసు, వృత్తి. ఏడో పుటలో కనిపించింది: "టి.కె., రోగి, వివాహితుడు, 44, తెరచాపలు కుట్టేవాడు, పుట్టింది సాల్టాష్." ఆఖరి గడిలో "ఉన్మాది" అని గుండ్రటి అక్షరాలు.

ఇంకెవరో అయ్యుంటాడని నాకు నేనే చెప్పుకున్నాను. సాల్టాష్‌లో టి.కె.లు ఎంతమంది ఉండరు! తిరుగు రైల్లో ప్లిమత్ దాకా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను, వేళ్ళు కదులుతున్నాయా అని. ఎదురుగా ఉన్న ఆవిడ "ఏమైనా పారేసుకున్నారా?" అని అడిగింది.

ఆ ఆసుపత్రి పాత పుస్తకాలున్న చోటికి రాస్తే, నీకు "ఏమీ లేదు" అని రాసిన రెండు వారాలకి నకలు వచ్చింది. ఇదుగో, ఉన్నది ఉన్నట్టు:

"టోబయాస్ కెల్లో. 1879 మార్చిలో హార్ట్‌వెల్ నౌక నుంచి చేరిక. ఓడపై మత్తులో ఉన్నాడని మూడుసార్లు శిక్ష. అయితే ఇక్కడ మద్యం లేకుండానే అదే నడక. చేతులు, భుజాలు, ముఖం ఎడతెగక కదులుతాయి, నిద్రలో ఆగుతాయి. సూది పట్టలేడు, పట్టుకోనివ్వమని రోజూ అడుగుతాడు. మాట తడబడుతుంది గాని అడిగినది గ్రహిస్తాడు. ఒక్కోసారి కోపం. తల్లి ఇదే విధంగా పోయిందంటాడు. భార్య కూడా అదే చెబుతోంది, అతను ఎన్నడూ తాగలేదని నొక్కి చెబుతోంది."

కనపడని పియానో అని నీకు రాశాను చూడు. ఈ కాగితం చదివినప్పుడు నాన్న వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది. అందుకే ఇదీ దాచాను. నాకు అరవై రెండు, నాకు రావలసి ఉంటే ఈపాటికి వచ్చేది. నీకు రాకూడదని దాచాను, దాస్తే రానట్టు.

డాక్టరుకి ఇది పంపించు. రోవెనాకి చెప్పు. ఇంకా రూఢి కావడానికేముంది?

ఐవీ

*

విట్బీ
11 జనవరి 1992

ప్రియమైన ఐవీ,

నీ కాగితం డాక్టరు బల్ల మీద పెట్టాను. చదివి, కళ్ళజోడు తీసి, "నా విద్యార్థులు కూడా ఇంత బాగా రాయరు" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "క్షమించండి" అన్నాడు. అదే అన్నమాట. ఇక నాకు అనుమానం లేదు.

రోవెనాకి చెప్పను. కోప్పడకు, విను. దానికి నాలుగో నెల దాటింది. ఇప్పుడు చెప్తే అదేం చేస్తుంది? ఒకటి, కడుపులో బిడ్డ గురించి కూర్చుని ఏడుస్తుంది. రెండోది నేను రాయను. క్రిస్మస్‌కి వచ్చి, "నాన్నా, గ్లాసు అలా ఒలికిస్తావేంటి, ముసలాడివైపోయావు" అని నవ్వింది. ఆ నవ్వు ఇంకో ఆర్నెల్లు ఉండనీ. కాన్పయ్యాక చూద్దాం.

నాకు పగలంతా ఒకటే ఆలోచన. ముత్తాత ఆ ఆసుపత్రిలోనే పోయాడా? పోయేనాటికి కూడా రెండక్షరాలేనా? ఓడలో పేరుండేది, ఇంట్లో పేరుండేది. జబ్బు కన్నా నన్నదే ఎక్కువ భయపెడుతోంది. ఒక పొడుగాటి హాలు, వరసగా మంచాలు, మూలన సి.కె.

1891 లెక్కలు ఈ నెలలోనే జనానికి విడుదల చేశారని పేపర్లో పడింది. వెళ్ళి చూడు ఐవీ. అప్పటికి ఎక్కడున్నాడో చెప్పు. నేను రాలేను. మొన్న రైల్వే స్టేషను మెట్ల మీద పడ్డాను. దెబ్బేం లేదు. లేవదీసినవాడు నా ఊపిరి వాసన చూశాడు.

సిరిల్

*

ప్లిమత్
20 ఫిబ్రవరి 1992

ప్రియమైన సిరిల్,

విడుదలైన లెక్కల కోసం ఎంత జనం! రికార్డుల గది ముందు పొద్దున్నే వరస. ఈసారి చుట్టలు కావు, అరచేతంత ఫిల్ము రేకులు. ముందు ఆ ఆసుపత్రిదే తెప్పించి చూశాను. టి.కె. లేడు. పోయాడేమో అనుకున్నాను, కానీ వాళ్ళ చావుల పుస్తకంలోనూ లేడని ఉత్తరం వచ్చింది. కొత్త లెక్కలకి పేర్ల పట్టిక లేదు. ఇక ఎక్కడని వెతకను? కెజియా ఉన్న స్టోన్‌హౌస్ ఒక్కటే తెలుసు. వీధి తర్వాత వీధి.

మూడో వారంలో మిసెస్ గిడ్లీ వచ్చి పక్క మర ముందు కూర్చుంది. "పేరు తీసెయ్యమని మళ్ళీ ఇక్కడ ఏం వెతుకుతున్నావు?" అంది. నాకెందుకో దాచబుద్ధి కాలేదు. అంతా చెప్పేశాను.  ఆవిడ చేతి తొడుగులు విప్పి, "బేసి నెంబర్ల రేకులు నాకివ్వు. సరి నెంబర్లు నువ్వు చూడు" అంది. నాలుగు రోజులు కూర్చుంది సిరిల్. నోట్లో పెప్పర్‌మెంట్ వేసుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో పేరూ చదివింది.

ఆవిడకే దొరికాడు. "ఐవీ, ఇలా రా. పరిగెత్తకు, రా" అంది.

స్టోన్‌హౌస్‌లోనే, కిందటి లెక్కల ఇంటికి రెండు వీధుల అవతల, ఒకే ఒక గది. "టోబయాస్ కెల్లో, ఇంటి యజమాని, 54, నౌకాదళ పింఛనుదారు. కెజియా కెల్లో, భార్య, 50, చాకిరేవు." యజమాని, సిరిల్! ఆఖరి గడిలో లెక్కలవాడు ఏదో రాశాడు. తర్వాత అదే సిరాతో కొట్టేశాడు. కింద అక్షరాలు కనపడకుండా మూడు నాలుగు గీతలు. ఎందుకు కొట్టేశాడో ఎవరూ రాసిపెట్టలేదు. మిసెస్ గిడ్లీ మాత్రం, "ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడి ఉంటుంది. కొట్టేసేదాకా వాణ్ణి కదలనిచ్చి ఉండదు" అంది. అలాగే అనుకుందాం.

ఆసుపత్రికి మళ్ళీ రాశాను. చివరి పుట పంపారు: "1883 మే. భార్య తన బాధ్యత మీద తీసుకుపోయింది. వద్దని చెప్పడమైనది." అంతే. ఆ మనిషిని తూర్పు తీరం నుంచి ఇక్కడిదాకా ఎలా తెచ్చిందో, ఎన్ని రైళ్ళు మారిందో. మరణపత్రం తెప్పించాను. 1897. అరవై ఏళ్ళు. చనిపోయిన చోటు, ఆ గదే. దగ్గరున్నవారు, భార్య కెజియా. సంతకం రాక ఇంటూ గుర్తు పెట్టింది. నువ్వడిగిన దానికి ఇదీ జవాబు. పేరుతోనే పోయాడు.

ఇప్పుడు రెండో కాగితం. ఇది రాయడానికి నాలుగు రోజులు ఆగాను.

మన తాత ఆంబ్రోస్ పెళ్ళి రిజిస్టరు చూశాను. 1895. తండ్రి పేరు టోబయాస్ కెల్లో, నౌకాదళం. పక్కన ఆంబ్రోస్ చెప్పి రాయించిన మాట: "మరణించారు." తండ్రి అప్పటికి బతికే ఉన్నాడు. ఆ చర్చికి పది నిమిషాల నడక. తుఫానూ మునగడమూ ఇద్దర్ని కాపాడటమూ, అంతా ఆంబ్రోస్ నానమ్మకి చెప్పిన కథ. పిల్లనివ్వరని చెప్పాడో, తనకే భయమేసి చెప్పాడో. నానమ్మ అది నమ్మి మనకి చెప్పింది. నలభై ఏడో ఏట ఆంబ్రోస్ డాక్‌యార్డులో నీళ్ళలో పడి పోతే, తాగి పడ్డాడని ఊరంతా అంటే, నానమ్మకి ఏం అర్థమై ఉంటుంది? తర్వాత నాన్న. మన అమ్మకీ ఎవరూ చెప్పలేదు. వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతూ అమ్మ, తన మొగుడు ఎక్కడ దొంగచాటుగా తాగుతున్నాడో అని ఆలోచించి ఉంటుంది. అది అమ్మ తప్పా?

అమ్మకి ముందే తెలిసుంటే మనిద్దరం పుట్టేవాళ్ళం కాదేమో. అది కూడా ఆలోచించాను.  కానీ రోవెనా పెద్దది, తెలివైనది, రేపో మాపో నీ నడక చూసి తనే అడుగుతుంది. అప్పుడు నువ్వేం చెప్తావు, వేసుకున్నానని చెప్తావా?

ఆ రిజిస్టరులో ఆంబ్రోస్ పక్కన నీ పేరు రాయించకు సిరిల్.

ఐవీ

*

విట్బీ
15 మార్చి 1992

ప్రియమైన ఐవీ,

ఈ దస్తూరి నాది కాదని నీకు తెలుస్తూనే ఉంటుంది. రోవెనా రాస్తోంది. టైపు మిషను మూలన పడేసింది, ఆ ఆర్ అక్షరం చప్పుడు తనకి పడదట. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. "నాకు నచ్చనివి కూడా రాస్తాను, చెప్పు" అంది.

నీ ఉత్తరం వచ్చాక తొమ్మిది రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. పోయిన ఆదివారం పికరింగ్ బస్సెక్కాను. నీల్ పెరట్లో ఉన్నాడు. అది బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. నేను కోటు విప్పకుండానే, "నీకో విషయం చెప్పాలి" అన్నాను.

"చేతుల గురించేనా?" అంది.

 "నీకెలా తెలుసు?" అన్నాను.

"నాన్నా, నేను రోజంతా మాట్లాడలేని ప్రాణుల్ని చూసి ఏం జబ్బో కనిపెడతాను. నువ్వు గుర్రం కన్నా ఘోరంగా దాస్తావు. క్రిస్మస్ నుంచీ చూస్తున్నాను. పార్కిన్సన్ అనుకున్నాను. చెప్పు."

చెప్పాను. టోబయాస్, ఆంబ్రోస్, నాన్న, నేను. తర్వాత తనకి సగం, తనకుంటే బిడ్డకి సగం. అది బఠాణీలు ఒలవడం ఆపలేదు. అంతా అయ్యాక గిన్నె పక్కకి తోసి, పెరట్లోకి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే నీల్ దాన్ని పట్టుకుని ఉన్నాడు. నేను కోటుతోనే కూర్చున్నాను. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియలేదు.

లోపలికి వచ్చి అరిచింది. చెప్పినందుకు కాదు. "ముందు అత్తకి చెప్పావు. డాక్టరుకి చెప్పావు. ఎవరో చర్చి ఆవిడకి కూడా తెలుసు. పొట్టేసుకు తిరిగేది నేను, నాకు ఆఖరున!" అంది. (అవును, ఇంకా కోపంగానే ఉన్నాను. రోవెనా.)

రక్త పరీక్ష ఒకటుందట. కుటుంబంలో నలుగురి రక్తం పోల్చి చూసి, వస్తుందో రాదో దాదాపుగా చెప్తారట. నువ్వు ఇవ్వాల్సి రావచ్చు. రోవెనా ఇంకా తేల్చుకోలేదు. ఒక రోజు తెలుసుకుంటానంటుంది, ఒక రోజు డాక్టరు పేరెత్తొద్దంటుంది. బిడ్డని మాత్రం కంటుంది. అది అడగకూడదని నాకు గట్టిగా చెప్పింది, నీకూ చెప్పమంది.

సిరిల్

*

ప్లిమత్
2 ఏప్రిల్ 1992

ప్రియమైన సిరిల్, ప్రియమైన రోవెనా,

ఇక మీ ఇద్దరికీ కలిపే రాస్తాను, ఎలాగూ చదివేది ఒకరే కదా.

నిన్న ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాను. రోవెనా అడిగినా అడగకపోయినా అక్కడ ఉంటుంది. నర్సు, "మీ ఫలితం మీకు కావాలా?" అంది. అక్కర్లేదు అన్నాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, కావాలి అన్నాను. మళ్ళీ వద్దన్నాను. చివరికి ఆ పిల్లే కాగితం మీద "ఇంకా నిర్ణయించుకోలేదు" అని రాసుకుంది. అరవై రెండేళ్ళ ముసలిదానికే ఇది తేలలేదు. కాబట్టి రోవెనా, నువ్వు రోజుకో మాట మార్చినా ఎవరూ ఏమీ అనరు. అన్నవాళ్ళని నా దగ్గరికి పంపించు.

మే నెలాఖరుకి నేను అక్కడికి వస్తున్నాను. కాన్పు అయ్యేదాకా ఉంటాను. సిరిల్, నీ ఇంటి మెట్లకి రెండు వైపులా పట్టుకునే కమ్మీ వేయించు. నేను వచ్చేసరికి ఉండాలి.

ఐవీ

*

పికరింగ్
4 జులై 1992

ప్రియమైన ఐవీ,

నువ్వు రైలెక్కి వారం కాలేదు, అప్పుడే ఉత్తరమా అనుకుంటావు. ఈ మాట నువ్వుండగా చెప్పలేకపోయాను. ఇప్పటికీ రోవెనా చేత రాయిస్తుంటే సిగ్గుగానే ఉంది.

పాప పుట్టి పదిహేను రోజులైనా నేను ఎత్తుకోలేదని నువ్వు చూసే ఉంటావు. జలుబన్నాను, కాఫీ ఒలికిందన్నాను.  నా చెయ్యి ఎప్పుడు ఎటు కొడుతుందో నాకే తెలియదు. దూరంగా కుర్చీలో కూర్చుని చూస్తే చాలనుకున్నాను.

నిన్న నీల్ పనికి వెళ్ళాడు. పాప పొద్దుటి నుంచి ఒకటే ఏడుపు. రోవెనా ఎత్తుకుని గదంతా తిరిగింది, పాలిచ్చింది, పాట పాడింది. ఊహూఁ. చివరికి నా ముందుకొచ్చి నిలబడి, "సోఫాలోకి జరుగు. వెనక్కి ఆనుకో" అంది.

"వద్దమ్మా, పడేస్తాను."

"నిన్నెవరు అడిగారు? జరుగు."

రెండు మోచేతుల కిందా దిండ్లు పెట్టింది. ఒళ్ళో ఇంకో దిండు. దాని మీద పాపని పడుకోబెట్టి, తను పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. నేను ఊపిరి బిగబట్టి చేతుల్ని ఆగమన్నాను. అవి ఆగుతాయా? ఎడం చెయ్యి ఎగిరింది. భుజం ఎగిరింది. దిండు, దాని మీద పాప, అంతా కదిలింది. "తీసెయ్, తీసెయ్" అన్నాను. రోవెనా తియ్యలేదు. "చూడు నాన్నా" అంది.

పాప ఏడుపు ఆపింది. ఒకసారి కళ్ళు పెద్దవి చేసి నా గడ్డం వైపు చూసింది. నా చేతులు అలా కదులుతూనే ఉన్నాయి, నా మాట వినకుండా. కాసేపటికి నిద్రపోయింది.

అరగంట అలాగే కూర్చున్నాను ఐవీ. కాళ్ళు తిమ్మిరెక్కాయి. లేవమంటే లేవనన్నాను.

సిరిల్

(అరగంట కాదు అత్తా, గంటన్నర. మధ్యలో తను కూడా నిద్రపోయాడు. రోవెనా.)